ఇంటికి ఒకే ఓటు

ష్వైన్‌ఫర్ట్ నుంచి అరగంట బస్సు దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో అలివేలుమంగని అందరూ ఫ్రావ్ రావ్, అంటే శ్రీమతి రావు, అనే పిలుస్తారు. ఆవిడ పూర్తి పేరుకి నోరు తిరిగిన జర్మన్ ఇంకా పుట్టలేదు. పెళ్ళి చేసుకుని రాజమండ్రి నుంచి వచ్చిన కొత్తలో వచ్చీ రాని ఇంగ్లీషు, బొత్తిగా రాని జర్మన్. ఇప్పుడు సంతలో కూరలమ్మే మనిషితో జర్మన్‌లోనే బేరమాడుతుంది. ఇక్కడ బేరాలుండవు మమ్మీ అని కూతురు ఈషా తల పట్టుకుంటే, "అడిగితే పోయేదేముందే?" అంటుంది.

ఈషా పుట్టింది ఆ ఊరి ఆస్పత్రిలోనే. నెలలు నిండకుండానే, మంచు మోకాలి లోతు పడిన రోజున, అలివేలుమంగకి రక్తం పోవడం మొదలైంది. భర్త భాస్కరరావు గారు కారులో వేసుకుని పది నిమిషాల్లో చేర్చారు. తల్లీ బిడ్డా దక్కారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఇద్దరూ ఉండేవారు కాదని అప్పటి డాక్టరమ్మ అంది. ఆ మాట అలివేలుమంగ ఒంట్లో ఉండిపోయింది. పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టగానే ఆవిడ అదే ఆస్పత్రి వంటగదిలో పనికి చేరింది. షుగరు వాళ్ళకేం పెట్టాలి, పళ్ళు లేనివాళ్ళకేం మెత్తగా చెయ్యాలి అని చూసుకుంటూ ఏళ్ళు గడిపేసింది. ఆస్పత్రి అనేది కాదు, "మా ఆస్పత్రి" అనేది.

భాస్కరరావు గారు బేరింగుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఉద్యోగం సంగతెలా ఉన్నా ఆయన అసలు వృత్తి వాదన. టీవీతో వాదిస్తారు, పేపరుతో వాదిస్తారు, ఎదురెవరూ దొరక్కపోతే వాతావరణ సూచనతో వాదిస్తారు. ఎర్లాంగెన్‌లో చదువుకునే తెలుగు కుర్రాళ్ళెవరైనా భోజనానికొస్తే పప్పూ అన్నం దగ్గర మొదలుపెట్టి పెరుగన్నం దాకా దేశాన్ని ఓ కొలిక్కి తెచ్చేవారు. ఆ నోటికి ఆదివారమూ సెలవు లేదు. అలివేలుమంగ విసుక్కునేది గానీ, ఆయన ఊరెళ్తే ఇల్లు బోసిపోయిందని ఫోన్లో ఆవిడే చెప్పేది.

ఆ ఇంట్లో నిజమైన గొడవ మాత్రం ఆస్పత్రుల సంస్కరణతో వచ్చింది. చిన్న ఆస్పత్రులన్నీ అన్ని వైద్యాలూ చెయ్యక్కర్లేదు, పెద్ద చోట్ల మంచి వైద్యం పెడదాం అని ప్రభుత్వం అనుకుంది. ఆ గాలి జిల్లాకీ వీచింది. ఈ ఊరి ఆస్పత్రి మూసేద్దామన్నారు జిల్లా వాళ్ళు. ఊరు భగ్గుమంది. రిటైరైన టీచరు ఫ్రావ్ హోఫ్‌మన్ ముందు నిలబడి ఒక సంఘం కట్టింది. ఓటింగు పెట్టి ప్రజలనే అడగండని సంతకాల ఉద్యమం మొదలైంది. శనివారం శనివారం సూపర్‌మార్కెట్ ముందు బల్ల వేసి అలివేలుమంగ నిలబడేది, చుడీదారు మీద చలికోటు వేసుకుని, పక్కన వేడి గారెల గిన్నె పెట్టుకుని. సంతకం పెడితే గారె. పెట్టకపోయినా గారె, కాకపోతే కాస్త మొహం మాడ్చి.

"ఓటుకి గారె లంచమా మంగా? ఇది జర్మనీ అనుకున్నావా, తూర్పు గోదావరి అనుకున్నావా?" అనేవారు భాస్కరరావు గారు, అవే గారెలు నములుతూ.

"మీరు తిన్నారుగా. మరి పెట్టండి సంతకం."

"తిన్నంత మాత్రాన అమ్ముడుపోతానా?"

ఇదంతా వేళాకోళంగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. కానీ ఆయన ఆ ఆస్పత్రి మూసేయడమే మంచిదని మనసా వాచా నమ్మారు. దానికో కారణం ఉంది. వాళ్ళ నాన్న తణుకు దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోములో పోయారు. వీధి చివరే కదా అని తీసుకెళ్ళారు. చేతకాని ఆపరేషన్ చేతనవునని చేశాడక్కడి డాక్టరు.

"మా నాన్నని చంపింది దూరం కాదే, దగ్గర!" అని ఆరోజు గట్టిగానే అరిచారు. "ప్రభుత్వమంటే వీధికో బోర్డు పెట్టడం కాదు. ఆ బోర్డు కింద పని తెలిసినవాణ్ణి పెట్టడం. నీ ఆస్పత్రిలో రేపు ఎవరికైనా పక్షవాతం వస్తే చూసేవాడున్నాడా? వంటగది బాగుంటే సరిపోతుందా?"

వంటగది మాట ఆవిడకి చురుక్కుమంది. "నేనూ మీ కూతురూ బతికింది ఆ చేతకాని ఆస్పత్రిలోనే. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళుంటే ఈపాటికి మీకు ఇంకో పెళ్ళి చేసుండేవారు. ముసలమ్మలు బస్సు మారి బస్సెక్కి వెళ్తారా వైద్యానికి? జనం నడిచి వెళ్ళేంత దగ్గర్లో లేని ప్రభుత్వం ఎందుకండీ?"

చివరికి ఓటింగు రానే వచ్చింది. ఇక్కడొక చిక్కు. భాస్కరరావు గారు ఏనాడో జర్మన్ పౌరసత్వం తీసుకున్నారు. అలివేలుమంగ మాత్రం ఇండియా పాస్‌పోర్టు వదలనంది. ఇద్దరం వదిలేస్తే ఎలాగండీ, ఒకళ్ళమైనా అక్కడివాళ్ళుగా ఉండాలి కదా అని. కాబట్టి ఊరందరిచేతా సంతకాలు పెట్టించిన మనిషికి ఓటు లేదు. ఈషా ఎర్లాంగెన్‌లో ఉంటోంది కాబట్టి దానికీ ఇక్కడ ఓటు లేదు. ఇంటికి ఉన్నది ఒకే ఓటు, అది ఆయనది.

ముందురోజు కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అడిగింది. "ఏవండీ, ఇన్నేళ్ళలో మిమ్మల్నేమీ అడగలేదు. ఈ ఒక్కసారికి నా కోసం వెయ్యండి. మీకోసం కాదు, నాకోసం."

ఆయన గ్లాసు పక్కన పెట్టారు. "ప్రాణం అడుగు మంగా, ఇస్తాను. ఓటు ఇవ్వను. అది నమ్మినదానికే వెయ్యాలి."

వేసొచ్చి ఎటు వేశారో దాచకుండా చెప్పారు కూడా. కొద్ది తేడాతో సంఘం ఓడిపోయింది. ఆ ఒక్క ఓటుతో ఏమీ మారేది కాదని ఆవిడకి తెలుసు. తెలిసినా, కొన్ని వారాల పాటు కంచం పెట్టి లోపలికెళ్ళిపోయేది. ఆయన వంటగది గుమ్మంలో నిలబడి, "పోనీ తిట్టు మంగా, ఈ మౌనం నావల్ల కాదు" అని బతిమాలితే గానీ నోరు విప్పలేదు. తర్వాత మాటలు కలిశాయి, గొడవలూ కలిశాయి. కొత్త సంవత్సరం వచ్చాక ఆస్పత్రికి తాళం పడింది. చివరి రోజు ఆవిడ ఆ గేటు పట్టుకుని ఏడిస్తే, ఆయనే వెళ్ళి భుజం పట్టి ఇంటికి తీసుకొచ్చారు. ఆవిడ ఒక బడి క్యాంటీన్లో పనికి కుదిరింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున భాస్కరరావు గారు పేపరు పట్టుకుని దేనిమీదో ధ్వజమెత్తుతున్నారు. వంటగదిలోంచి ఆవిడ "ఊఁ, ఊఁ" అంటోంది. ఉన్నట్టుండి గొంతు ఆగింది. గ్లాసు కింద పడ్డ చప్పుడైంది. వచ్చి చూస్తే మూతి ఒక పక్కకి లాగేసి ఉంది, కుడిచెయ్యి వేలాడుతోంది, నోట్లోంచి ముద్దముద్దగా ఏదో వస్తోంది. ఎడమచేత్తో బల్ల మీదున్న ఫోను చూపిస్తున్నారు. ఫోను తెమ్మంటున్నారేమో అనుకుని దాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టి, చంకలో చెయ్యేసి లేపింది.

112కి ఫోను చేస్తే అంబులెన్సు ఇంటికే వస్తుంది. ఆ సంగతి ఈ దేశంలో చిన్నపిల్లలకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు తెలిసినవి కాదు కదా ముందుకొచ్చేవి! రాజమండ్రిలో ఎవరికేమైనా ఆటోలో వేసుకుని పరిగెత్తడమే ఆవిడ చిన్నప్పటినుంచీ చూసింది. బండి కోసం కూర్చున్నవాళ్ళు మనిషిని పోగొట్టుకున్నవాళ్ళే. ఎలా మోసిందో, ఎలా కూర్చోబెట్టిందో, కారు తీసింది. "ఏం కాదండీ, వచ్చేశాం, వచ్చేశాం" అంటూ తోలింది. ఆయన ఎడమచెయ్యి పెద్దాసుపత్రికి వెళ్ళే ష్వైన్‌ఫర్ట్ రోడ్డు వైపు ఊగుతూనే ఉంది. ఆవిడ చేతులు అలవాటుకొద్దీ స్టీరింగుని పాత దారికే తిప్పాయి. బేకరీ మలుపు, చర్చి, ఎడమకి. గేటుకి గొలుసు. కిటికీలకి చెక్కలు.

మూసేశారని ఆ ఊళ్ళో అందరికంటే బాగా తెలిసిన మనిషి, ఆ గేటు పట్టుకుని ఏడ్చిన మనిషి, మొగుణ్ణి అక్కడికే తీసుకొచ్చింది. అయ్యో భగవంతుడా అని నెత్తి కొట్టుకుంది. అప్పుడు తీసింది ఆయన జేబులోంచి ఫోను. దగ్గరి అంబులెన్సు ఇంకో రోగిని దింపడానికి దూరం వెళ్ళిందట, ఇంకోటి వేరే ఊరి నుంచి రావాలట. ఆవిడ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఆ తాళం వేసిన గేటు ముందు కూర్చుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరు మంచివాడే. రక్తం గడ్డ కరిగించే మందు ఎక్కేసరికే చాలా ఆలస్యమైపోయిందని మెల్లగా చెప్పాడు. ప్రాణం నిలిచింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది.

ఈషా పరిగెత్తుకొచ్చింది. "మమ్మీ, 112కి ఎందుకు చెయ్యలేదు? వరూమ్, మమ్మీ, ఎందుకు?" అంది. తల్లి మొహం చూసి మరి రెండోసారి అడగలేదు.

ఆ తర్వాత ఇంట్లో పడిన నిశ్శబ్దాన్ని ఏం చెప్పను! పేపరు వస్తుంది, మడత విప్పరు. టీవీలో ఎవడో నోటికొచ్చినట్టు మాట్లాడతాడు, అడిగేవాళ్ళుండరు. మాట నేర్పడానికి వారానికి రెండుసార్లు ఒకమ్మాయి వచ్చేది. ఆమె మొదటిరోజే హెచ్చరించింది. "ఆయన తల ఊపితే అవునని అనుకోకండి. ప్రస్తుతం దేనికైనా ఊపుతారు. మీ పేరు ఆంజెలానా అని అడిగినా ఊపారు."

వేసవిలో ఫ్రావ్ హోఫ్‌మన్ కేకు పట్టుకుని వచ్చింది. కనీసం ఎమర్జెన్సీ విభాగమైనా తిరిగి తెరిపించాలని సంఘం మళ్ళీ పోరాడుతోంది. "ఫ్రావ్ రావ్, అంకెలు చెబితే ఎవరూ వినరు. మనిషి మొహం చూస్తే వింటారు. మీ వారి ఫోటో పోస్టరు మీద వేద్దాం. మీరు ఒప్పుకుంటేనే."

అలివేలుమంగ ఆ రోజంతా గింజుకుంది. అంబులెన్సు ఆలస్యం అబద్ధమా? కాదు. ఆస్పత్రి ఉన్నా పక్షవాతానికి అక్కడ వైద్యం లేదని ఆయన అన్నది అబద్ధమా? అదీ కాదు. తను చేసిన పొరపాటు? దాన్ని ఆ తాళం మీదికి నెట్టేస్తే ఒక్క రాత్రయినా నిద్ర పడుతుందేమోననిపించింది. అదీ అసలు సంగతి. ఆవిడకి తెలుసు.

మర్నాడు ఆయన పక్కన కూర్చుని, "ఏవండీ, మీ ఫోటో అడుగుతున్నారు. ఆస్పత్రి కోసం. ఇమ్మంటారా?" అంది.

ఆయన తల ఊపారు.

ఆ ఊపుకి విలువ లేదని తెలిసీ, దాన్నే పట్టుకుంది. ఈషా చదువు పూర్తయిన రోజు నవ్వుతూ తీయించుకున్న ఫోటో ఇచ్చేసింది.

వారం తిరక్కుండా పోస్టర్లు పడ్డాయి. ఆయన నవ్వుతున్న మొహం, కింద పెద్ద అక్షరాలు: "ఆస్పత్రి ఉండి ఉంటే ఈయన ఇవాళ మాట్లాడేవారు." ఆవిడ మొదటిది చూసి గతుక్కుమంది. చక్రాల కుర్చీని వేరే వీధుల్లోంచి తిప్పి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. చిన్న ఊరు, ఎన్ని వీధులని తప్పిస్తుంది? ఒక పొద్దున ఫిజియోథెరపీ నుంచి వస్తుంటే బేకరీ గోడ మీద కొత్తది కనబడింది. ఆవిడ వేగంగా తోసింది. ఆయన ఎడమకాలు నేలకి ఆనించారు. కుర్చీ ఆగిపోయింది.

చూశారు. చదవగలిగారో లేదో ఎవరికి తెలుసు? తన మొహం గుర్తుపట్టారు. మూలనున్న సంఘం గుర్తుని గుర్తుపట్టారు. ఆ గుర్తు మీద ఆయన ఎన్ని సాయంత్రాలు నిప్పులు చెరగలేదు! తర్వాత తల తిప్పి భార్య వంక చూశారు. కోపం ఉంటుందనుకుంది ఆవిడ. కోపమైనా బాగుండేది. ఆ చూపులో ఉన్నది, నువ్వా మంగా, అన్న ప్రశ్న. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఎడమచెయ్యి గోడ మీదికి పోయి, పోస్టరు అంచు గీకడం మొదలుపెట్టింది.

బేకరీలోంచి ఫ్రావ్ హోఫ్‌మన్ బయటికొచ్చింది. "అయ్యో, పాపం! ఆయనకి అర్థం కావడం లేదు ఫ్రావ్ రావ్, లోపలికి తీసుకురండి."

"ఆయనకి అర్థమైంది" అంది అలివేలుమంగ. "మా ఆయన మీకు ఎదురు ఓటు వేశారు. నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేసినా మార్చుకోలేదు. మాట పోయింది కదా అని ఆ ఓటు కూడా నేను మీకు ఇచ్చేశాను. అది నాది కాదు ఇవ్వడానికి."

పెద్దావిడ చేతిలోని రొట్టె సంచీ పట్టుకుని పక్కకి తప్పుకుంది. భాస్కరరావు గారి గోళ్ళ కింద కాగితం ముక్కలు ముక్కలుగా ఊడుతోంది, అక్షరాల దాకా వచ్చింది, ఆ పైకి చెయ్యి అందడం లేదు. అలివేలుమంగ ముందుకొచ్చి, ఆయనకి అందని పై భాగం తను పట్టుకుని కిందికి లాగేసింది.

తర్వాత కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, నడివీధి అని కూడా చూసుకోకుండా. ఆయన మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తప్పయిపోయిందండీ. ఊరుకోకండి. ఒక్క మాట, ఒకే ఒక్క మాట తిట్టండి నన్ను."

ఆయన నోరు తెరిచారు. పెదవులు చాలాసేపు కదిలాయి. ఆవిడ అలాగే చూస్తూ కూర్చుంది. మాట రాలేదు.