రెండు వేళ్ల వదులు

టెంట్లు కుట్టే ఆ షెడ్డులో ఎవరి ముక్క వాళ్లది. ఒకరు గోడలు కుడతారు, ఒకరు పైకప్పు కుడతారు, ఇంకొకరు తాళ్లు దూర్చే కన్నాలకు రింగులు బిగిస్తారు. తలుపులు మాత్రం పదకొండేళ్లుగా ఆవిడవే. అందుకే ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు. పనివాళ్లందరికీ ఆమె తలుపులక్క. మొగుడు గోడలకు రంగులు వేసే మనిషి. సరదా పుట్టినప్పుడు ఆయన కూడా అలాగే పిలుస్తాడు.

తలుపులక్క కుట్టిన తలుపు చూస్తే ఎవరైనా ఔరా అనాల్సిందే. వెతికినా ఒక్క ముడత కనబడదు. కొనడానికి వచ్చినవాళ్లను యజమాని ముందు తలుపు దగ్గరికే తీసుకెళ్లి, వేలితో ఒక దెబ్బ కొట్టి చూపిస్తాడు. డప్పులా మోగుతుంది. అలాంటి తలుపులు ఆ చలికాలం మూడు తిరిగొచ్చాయి, మూడూ ఒక్క చోటి నుంచే.

ఆ చోటు అడవిలో, నది ఒడ్డున, ఆరు టెంట్లు పట్టే చిన్న విడిది. టెంటు లేనివాళ్లకు అద్దెకివ్వడానికి అక్కడి కాపలాదారు ఆ ఏడే వీళ్ల దగ్గర కొనడం మొదలుపెట్టాడు. మొదటిదానితో పంపిన చీటీలో 'తలుపు తెరుచుకోవడం లేదు' అని రాశాడు. తలుపులక్క బల్ల మీద పరిచి జిప్పు లాగింది. వెన్నలో కత్తిలా పోయింది. మళ్లీ లాగింది, మళ్లీ పోయింది. యజమాని లాగాడు, ఆయనకూ అంతే. సరే, అక్కడివాళ్లకు జిప్పు లాగడం రాదని తేల్చేసి తిప్పి పంపారు. వారానికల్లా రెండోది వచ్చింది. ఈసారి చీటీలో 'తెరుచుకోవడం లేదంటే లేదు' అని ఉంది.

"లోపం జిప్పులదే, నా కుట్టుది కాదు," అంది తలుపులక్క. యజమాని పాపం జిప్పులు అమ్మేవాణ్ణే మార్చేశాడు. కొత్త జిప్పు వేసిన మూడోది కూడా తిరిగొచ్చేసరికి, దారాలు కత్తిరించే వరసలో ఎవరో ఆడలేక మద్దెల ఓడన్నారని గొణిగారు. పక్కవాళ్లు నవ్వు ఆపుకున్నారు. తలుపులక్కకు తల కొట్టేసినట్టయింది.

యజమాని చెడ్డవాడు కాదు. పక్కకు పిలిచి మెల్లిగానే చెప్పాడు. "నాలుగోది కూడా వెనక్కి వస్తే నేనేం చేయలేనక్కా. తలుపులు ఇంకెవరికైనా ఇవ్వాలి. నువ్వు సంచులు కుట్టుకుందువుగాని."

సంచులంటే టెంటును మడిచి దూర్చే సంచులు. నిన్న గాక మొన్న పనిలో చేరినవాళ్లు కుట్టేవి. ఆ రాత్రి ఆమెకు ముద్ద దిగలేదు. బల్ల మీద తెరుచుకునే తలుపు నది ఒడ్డున ఎందుకు తెరుచుకోదు? తప్పు చేశావంటే ఒప్పుకోవచ్చు, ఏం తప్పు చేశామో తెలియకపోతే మనిషి ఏం ఒప్పుకుంటుంది?

"నాలుగోది నేనే తీసుకెళ్లి అక్కడే చూస్తాను," అంది మొగుడితో.

"మంచి పని. వంటమనిషైనా ఎప్పుడో ఒకసారి ఉప్పు చూస్తుంది. నువ్వు ఇన్నేళ్లలో ఒక్కసారైనా టెంటులో పడుకున్నావటే?" అన్నాడాయన.

శనివారం పొద్దున్నే బస్సెక్కారు. బస్సు అడవి గేటు దగ్గర దింపేసింది. అక్కడి నుంచి బండ్లు పోవు. టెంటు ఆయన నెత్తిన, దుప్పట్లు, బియ్యం, గిన్నె ఆమె చంకన. అరగంట నడిచేసరికి చెట్ల సందుల్లో నీళ్లు మెరిశాయి. విడిదంటే ఏవో గదులుంటాయనుకుంది తలుపులక్క. చదును చేసిన ఆరు జాగాలు, ఒక్కో జాగాలో పొయ్యికి నాలుగు రాళ్లు, అందరికీ కలిపి ఒక చేతిపంపు, దూరంగా చెక్కలతో కట్టిన ఒక మరుగుదొడ్డి, కాపలాదారుకు ఒక పాక. అంతే. కరెంటు తీగ అన్నది కంటికి కనబడలేదు. దీనికోసం జనం డబ్బులిచ్చి మరీ వస్తారంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

అసలు తమాషా టెంటు వేసేటప్పుడు జరిగింది. ఆమెకు తలుపు తప్ప ఇంకేమీ తెలియదాయె. ఏ కర్ర ఎక్కడ నిలబెట్టాలో, ఏ తాడు ఎటు లాగాలో అంతా అయోమయం. గంటసేపు కుస్తీ పడితే టెంటు నిలబడింది గానీ, తలుపు పోయి ఒక చెట్టు మొదలుకు ముఖం పెట్టింది. కాపలాదారు చూస్తూ చూస్తూ ఇక ఉండబట్టలేక వచ్చి, అన్నీ పీకి మళ్లీ వేశాడు.

"ఈ టెంట్లు కుట్టే మహాతల్లి ఎవరో గానీ, ఒక్కసారి కనబడితే బాగుండు," అన్నాడు మేకు దిగగొడుతూ.

తలుపులక్క మొగుడు దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. ఆమె నీళ్లు తెస్తానని పంపు దగ్గరికి పోయింది.

మధ్యాహ్నమంతా ఆ తలుపుతోనే గడిచింది. లోపలి నుంచి తెరవడం, బయటి నుంచి మూయడం, సగం దాకా లాగి ఆపడం. జిప్పు ఎక్కడా తట్టుకోలేదు. చివరికి కాపలాదారుకు జాలేసింది.

"ఇప్పుడు లాగితే ఏముందమ్మా? పగలు బాగానే ఉంటుంది. పొద్దున్నే లోపలున్నవాళ్లు కేకలేస్తారు. నేను పోయి బయటి నుంచి గుడ్డ దగ్గరికి నొక్కి పట్టుకుంటే అప్పుడు కదులుతుంది."

"రాత్రి ఏమవుతుంది మరి దానికి?"

"నాకేం తెలుసు? కుట్టినవాళ్లకు తెలియాలి."

కుట్టినావిడకు అదే తెలియలేదు. పురుగేమైనా పళ్లలో దూరుతుందా? పడుకున్నవాళ్లు కాళ్లతో తంతారా? మొగుడేమో జిప్పుకు కూడా నిద్రొస్తుందేమోనని తనలో తనే నవ్వుకున్నాడు. చీకటి పడ్డాక ఆయన గురకలో జిప్పు చప్పుడు వినబడదని చెప్పి, ఆయన్ని కాపలాదారు పాకలో పడుకోమని పంపేసింది. తలుపు మూసుకుని, కాసేపు దాన్నే చూస్తూ పడుకుంది. నది చప్పుడుకు ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. ఒళ్లు కొంకర్లు పోతోంది. దొడ్డికి పోవాలి, అదీ తొందరగా. లేచి జిప్పు రన్నర్ పట్టుకుని లాగింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది. ఊహూఁ. పక్కనే గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా, తడిగా ఉంది. బల్ల మీద తను లాగి కుట్టిన దానికంటే ఇంకా బిగుసుకుపోయి, జిప్పు పళ్లను అటూ ఇటూ పీకుతోంది.

రాత్రంతా నది మీద నుంచి మంచు దిగింది. గుడ్డ నూలుగుడ్డ. తడిస్తే ముడుచుకుంది. ఇంతేనా అనుకుంది తలుపులక్క. కొత్త నూలు బట్టను తడిపి ఆరేశాక గానీ కుట్టొద్దని పక్కింటి పిల్లకు తనే చెప్తుంది. మైనం పూత పూసిన గుడ్డ కదా, నీళ్లు తాగదనుకుంది. పట్టపగలు పొయ్యిలా కాలే రేకుల షెడ్డులో కూర్చుని, ఎండిన గుడ్డను చివరంటా లాగి కుట్టింది. అది ముడుచుకోవడానికి దారమంత చోటు కూడా మిగల్చలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. ముసలి మేస్త్రీ గుర్తుకొచ్చాడు. తలుపులక్కకు పని నేర్పినవాడు, ఆమెకంటే ముందు తలుపులు కుట్టినవాడు. ఆయన తలుపులు రెండు అంచుల్లోనూ కాస్త వదులుగా, అలలు అలలుగా ఉండేవి. అప్పుడు యజమానితో, "చూడండి, ఎన్ని ముడతలో. మేస్త్రీ గారికి చూపు తగ్గినట్టుంది," అన్నది ఈవిడే. నెల తిరక్కుండా మేస్త్రీ ఇంటికి పోయాడు, ఆయన మిషను ఈమెకు వచ్చింది. నిజంగా చూపు తగ్గిందనే అనుకున్నానా, లేక ఆ మిషను మీద కన్నుపడి అన్నానా? పదకొండేళ్ల కిందటి మాట. ఎంత తవ్వుకున్నా ఆమెకు తేలలేదు.

"తలుపులక్కా, టీ," అన్నాడు బయటి నుంచి మొగుడు.

"రాలేనండీ. తెరుచుకోవట్లేదు."

"కాపలాదారును పిలవనా?"

"వద్దు." అంత ఓపిక లేదు. కత్తెర ఎప్పుడూ ఆమె రొండినే ఉంటుంది. తన కుట్టు తనే, పైనుంచి కిందికి, పరపరా తెంపుకుంటూ వచ్చింది. గుడ్డ ఊపిరి వదిలినట్టు వెనక్కి పోయింది. ఆవిడ టీ గ్లాసు వంక కూడా చూడకుండా దొడ్డి వైపు పరుగెత్తింది.

తిరుగు బస్సులో మొగుడు ఒక ఉపాయం చెప్పాడు. "తప్పంతా మంచు మీదికి తోసెయ్యి. మంచు వచ్చి కాదంటుందా?" ఆమె కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఆ మాటే నమిలింది. రుచిగానే ఉంది. జిప్పులవాడి మీదికి తోసినప్పుడు కూడా ఇంత రుచిగానే ఉండిందని గుర్తొచ్చి మింగలేకపోయింది.

సోమవారం యజమాని ముందు తెగిన తలుపు పరిచింది. "జిప్పుల తప్పు కాదు. నేనే మరీ బిగించి కుడుతున్నాను. తడిస్తే పట్టేస్తోంది."

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "అయితే వదులుగా కుట్టు. ఎంత వదలాలి?"

"తెలియదు."

"నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందక్కా?"

ఎవరికి తెలుసో ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం తలుపు చుట్టి చంకన పెట్టుకుని బయలుదేరింది.

ముసలి మేస్త్రీ కూతురింట్లో, వెనక గదిలో ఉంటున్నాడు. ఇప్పుడు ఆయనకు నిజంగానే చూపు లేదు. కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని, గొంతును బట్టి ఆమెను గుర్తుపట్టాడు. ఎవరూ రాని ఇంటికి మనిషి వచ్చిందని ఆయనకు పట్టరాని సంతోషం. ఆమెకు ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ చూడాలో తెలియలేదు. తలుపు ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన వేళ్లు అంచు వెంట పాకాయి.

"ఇంత బిగువెందుకమ్మా? తడిస్తే జిప్పు కదలదు. అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు వదలాలి."

"ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు మేస్త్రీ గారూ?"

"ఎవరడిగారు? కళ్లు పోయాయన్నారు. నేనేమో వదులు పెట్టే కుడుతున్నాననుకునేవాణ్ణి. ముడతలు, ముడతలు అని యజమాని అంటూ ఉంటే నాకే అనుమానం వచ్చింది. వదులేదో ముడతేదో తెలియకుండా కుట్టేస్తున్నానేమోనని. ఎన్నో రోజులు నా చెయ్యి నేనే ముఖం దగ్గర పెట్టుకుని చూసుకునేవాణ్ణి." ఆయన వేళ్లు మళ్లీ అంచు తడుముతున్నాయి. "నువ్వు పక్కనే ఉండేదానివిగా. నిజం చెప్పు. అప్పటికి నా కళ్లు బాగానే ఉండేవా?"

ఆయన జవాబు కోసం ముఖం ఆమె వైపు తిప్పి కూర్చున్నాడు.

"బాగానే ఉండేవి మేస్త్రీ గారూ. పోయాయని యజమానితో అన్నది నేనే."

గుడ్డ మీద వేళ్లు ఆగిపోయాయి. లే పొమ్మంటాడేమో, తిడతాడేమో, ఏదో ఒకటి అంటే బాగుండునని ఆమె తలొంచుకుని కూర్చుంది. ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చాలాసేపటికి వేళ్లు మళ్లీ కదిలాయి, అంచు వెంట మెల్లగా జరిగి తలుపు మూల దగ్గర నిలిచాయి.

"మూల దగ్గర మాత్రం మూడు వేళ్లు వదలాలి," అన్నాడు. "ఏదీ, నీ చెయ్యి ఇలా పెట్టు."