కత్తిపీట దగ్గర పెట్టిన గుర్తు

రిటైరు కావడానికి ఆరేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, విజయవాడలోని ఒక బోధనాసుపత్రిలో సర్జరీ యూనిట్‌కు చీఫ్‌గా ఉన్నాను. సోమవారం మా అడ్మిషన్ రోజు. ఆ ఉదయం హనుమాన్ జంక్షన్ నుంచి నాగరత్నమ్మ అనే యాభై ఏళ్ళావిడను భర్త తీసుకొచ్చాడు. నాలుగు రోజులుగా విరేచనం లేదు, గాలి కూడా పోవడం లేదు. పొట్ట బిగిసిపోయింది. అంతకుముందు నెలల తరబడి రక్తం పడుతుంటే మొలలనుకుని పసరు మందు మింగిందట. స్కాన్‌లో చూస్తే పెద్దపేగు ఎడమవైపు గడ్డ దారి మూసేసింది. క్యాన్సరేనని మా అనుమానం.

ఆలస్యం చేస్తే పేగు పగులుతుంది. గడ్డ ఉన్న ముక్క తీసి వెంటనే కొసలు కలిపితే, ఉబ్బిన పేగులో కుట్లు నిలవకపోవచ్చు. అందుకని పై కొసను పొట్ట మీదికి తెచ్చి, మలం అక్కడ అంటించిన సంచిలో పడేలా చేస్తాం. ఆ చోట ముందే సిరాతో గుర్తు పెట్టుకోవాలి. ఆవిడను పడుకోబెట్టి, అలవాటు ప్రకారం బొడ్డుకు ఎడమవైపు కాస్త కింద పెట్టాను.

ఆవిడ ఆపరేషన్ ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టనంది.

"అక్కడొద్దండీ. కత్తిపీట ముందు కూర్చుంటే సంచి నలిగిపోద్ది. చేపల మీద కారితే మళ్ళీ నా దగ్గరికి ఎవరొస్తారండీ?"

కేస్‌షీట్ చూశాను. వృత్తి దగ్గర మావాళ్ళు 'గృహిణి' అని రాశారు. ఆడవాళ్ళందరికీ అడక్కుండా అదే రాసేస్తాం.

నాకు కోపం ఎక్కువ. ప్రాణం మీదికొస్తే పీట గొడవేమిటని కసిరాను. భర్త కూడా నా మాటే అన్నాడు. ఆవిడ సెలైన్ సీసా భర్త చేతికిచ్చి, మంచం దిగి, పీటను తొక్కిపట్టినట్టు ఒక మోకాలు ఎత్తి నేల మీద కూర్చుంది. నొప్పికి పళ్ళు బిగబట్టింది.

"ఏదండీ, ఇప్పుడు కనపడతందా మీ గుర్తు?"

కనపడలేదు. మడతలోకి పోయింది. ఉబ్బు తగ్గితే ఆ మడత ఇంకా లోతవుతుంది. నాకు సిగ్గేసింది. స్పిరిట్‌తో పాతది తుడిచి, ఆవిడ అలా కూర్చునుండగానే బొడ్డుకు పైన, తన కళ్ళకు కనిపించే చోట మళ్ళీ పెట్టాను. అప్పుడు సంతకం చేసింది. మధ్యాహ్నం ఆపరేషన్ చేశాం.

క్యాన్సర్ పక్క గ్రంథులకు పాకిందని తేలింది. కీమో ఇచ్చాం. తర్వాత పేగు తిరిగి కలుపుదామనుకున్నాం గానీ, అంతలో కాలేయంలో మచ్చలు కనిపించాయి. ఇక కలపలేదు. పేగు మూసుకుపోయేదాకా బయటపడని క్యాన్సర్ చాలామందిలో ఇలాగే తిరగబెడుతుంది. అయినా ఆవిడ రెండేళ్ళకు పైగా బజారులో చేపలు కోసింది.

ఆవిడ పోయాక భర్త వచ్చాడు. మిగిలిన సంచులు ఇంకెవరికైనా పనికొస్తాయని తెచ్చాడు. పీట దగ్గర ఒక్కసారి కూడా కారలేదని చెప్పాడు.

ఆ రోజు పాత కేస్‌షీట్ తెప్పించి, 'గృహిణి' కొట్టేసి 'చేపలు కోస్తుంది, నేల మీద కూర్చుని' అని రాశాను. రిటైరయ్యేదాకా ప్రతి రోగికీ ఆ గడి నేనే అడిగి నింపాను. నేర్చుకున్నది ఇంతే: రోగి రేపు ఏ పనికి, ఎలా కూర్చోవాలో తెలిశాకే సిరా కలం మూత తీయాలి.