ఇరవై నాలుగు గంటల నీళ్లు

ధర్మవరంలో మంచినీటి సరఫరా విభాగంలో నేను పనిచేసినంత కాలం, ఏ వీధికి ఏ వేళకు నీళ్లు వదలాలో నా చేతిరాతలోని పట్టికే నిర్ణయించింది. పట్టు మగ్గాల వీధుల్లో ఆడవాళ్లు బిందెలు వరుసగా పెట్టి నన్ను తిట్టేవారు. నీళ్లు రాగానే మరిచిపోయేవారు. ఆ తిట్లను, ఆ మరపును నేను సమానంగా స్వీకరించాను.

పదవీ విరమణ తరువాత హిందూపురం శివార్లలోని కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నాము. అక్కడ లోపమన్నది లేదు. కుళాయి ఎప్పుడు తిప్పినా నీళ్లు. కరెంటు పోయిన మరుక్షణం జనరేటరు. పొరుగువారు ఎదురైతే నమస్కరించి దారి ఇస్తారు. మూడో నెలకు నాకు నిద్ర తగ్గింది. రక్తపోటు, చక్కెర పరీక్షించుకున్నాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అదీ ఒక నిరాశే అయింది.

అప్పుడు పది రోజులు శ్రమించి, కాలనీ పైపుల పటం గీచి, వీధులవారీగా నీటి వేళల పట్టిక తయారుచేసి సంఘం అధ్యక్షునికి సమర్పించాను. ఆయన ఓపికగా చివరిదాకా చదివాడు.

"శానా బాగుండాది సార్. కానీ ఈడ నీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయి కదా?"

ఇంట్లో చెబితే నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీరు స్వర్గానికి పోయినా ఆడ అమృతానికి లైను కట్టిస్తారు."

కాదనలేకపోయాను. ఇది సేవాభావమని చెప్పుకుంటే అబద్ధం. ఒక చిక్కు నా చేతుల్లో విడిపోవడం చూడాలన్న ఆశ ఇది. దానికి నేను సిగ్గుపడను. ఆ కాలనీని అంత చక్కగా కట్టినవారిదీ ఆ ఆశే. పని ముగించుకుని వారు వెళ్లిపోయారు. మాకు మిగిలింది అనుభవించడం. అది నాకు చేతకాలేదు.

ఆ వారంలోనే పెనుకొండ దగ్గరి పల్లె నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోను చేశాడు. "అన్నా, మా పై వీధికి నీళ్లు ఎక్కడంల్యా. కింది వీధోళ్లు మోటార్లు పెట్టి లాగుతాండారు. నిన్న బిందెల్తో కొట్టుకున్యారు. వాల్వు తిప్పేటోడు పని మానేసినాడు. ఎవరన్నా గట్టోడుంటే పంపు."

"ఉన్నాడు. రేపు పొద్దున బస్సుకు వస్తాడు."

"ఎవరన్నా?"

"నేనే."

నా భార్య నవ్వలేదు. "ఒక నెల చూస్తా. పై వీధికి నీళ్లెక్కితే మీరు యాడుండమంటే ఆడుంటా. ఎక్కకపోతే నోరెత్తకుండా ఈడ్నే ఉండల్ల." ఒప్పుకున్నాను.

పైపు మొదట కింది వీధిని తాకి, తరువాత మిట్టకు ఎక్కుతుంది. ఉదయం కింది వీధికి, సాయంత్రం పై వీధికి అని పట్టిక వేసి గోడకు అంటించాను. మరునాటికి చింపేశారు. మళ్లీ అంటించాను. సాయంత్రం కింది వాల్వు మూసి, గొడుగు వేసుకుని దాని పక్కనే కుర్చీలో కూర్చునేవాణ్ణి.

"ఏమప్పా, పింఛను తిని అరక్క మా మీద పడినావా?" అన్నాడొకడు.

"అవును. నీ వంతు రేపు ఉదయం ఆరింటికి," అన్నాను.

మూడు వారాలకు చింపడం ఆగింది. నీళ్లు రోజుకు ఒకటి రెండు ఇళ్లు దాటి మిట్టకు ఎక్కసాగాయి. ఇరవై ఆరో రోజు సాయంత్రం కింది వాల్వు మూసి నేను మిట్ట ఎక్కేసరికి, పై వీధి చిట్టచివరి ఇంటి కుళాయి కాసేపు గాలి కక్కి, తరువాత ధార కట్టింది. ఆ ఇంటి అవ్వ బిందె పెట్టి, నడుం మీద చేయి వేసి నా వైపు తిరిగింది.

"ఏమప్పా, ఐదింటికని గోడకు రాసి ఐదుంపావుకు ఇడిసినావే! నా ఎనుము దప్పికతో అరుస్తాండాది."

ఫిర్యాదు న్యాయమైనది. క్షమాపణ చెప్పి, పుస్తకంలో రాసుకున్నాను. ఏ సన్మానసభలోనూ నా తల అంత ఎత్తున నిలవలేదు. అక్కడి నుంచే ఇంటికి ఫోను చేసి, నీళ్లెక్కాయి, సామాను సర్దమన్నాను.

"మొన్ననే సర్దినా," అన్నది నా భార్య. "పెనుకొండలో దిగినాంక ఏ బస్సెక్కల్ల?"

రెండు బస్సులున్నాయి. రెండింటి వేళలూ చెప్పాను.