ఎల్లారెడ్డి గుంత, పదకొండు గారెలు

రిటైర్ కావడానికి ఏడాది ముందు, ఒక మార్చి నెలలో, ఎల్లారెడ్డిలోని ఒక సహకార కార్యాలయంలో కంప్యూటర్ గదిని సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. నా మకాం కామారెడ్డి, హోదా సైట్ ఇంజనీరు. సర్వర్ యంత్రాన్ని హైదరాబాదు నుంచి పంపేవారు వేరు, అమర్చేవారు వేరు. అది వచ్చేలోగా గదిని తయారుచేసి, సిద్ధంగా ఉందని సంతకం పెట్టేవాణ్ణి నేను. ఆ సంతకం లేకపోతే లారీలోంచి పెట్టె దిగదు. జాబితాలో ఉన్న తరువాతి ఊరికి వెళ్లిపోతుంది. అప్పుడు ఎల్లారెడ్డివాళ్లు మరో ఏడాది ప్రతి కాగితానికీ కామారెడ్డి బస్సెక్కాలి.

గది పని త్వరగానే తేలింది. నేలకు అడుగు ఎత్తున పలకలతో మరో నేల వేయించి, వైర్లన్నీ దాని కిందుగా నడిపించాను. ఏసీలు రెండూ పెట్టించాను. మిగిలింది ఎర్తింగ్. యంత్రంలో దారితప్పిన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు అది. నిలువెత్తుకు మించిన గుంత తవ్వి, అడుగున రాగి పలక నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపి, పైకి ఒక గొట్టం, దానికో గరాటు పెట్టి మూత వేయాలి. గరాటులో రోజూ నీళ్లు పోస్తే నేల తడిసి, కరెంటుకు దాని నిరోధం తగ్గుతుంది. సర్వర్‌కు అది ఒక ఓమ్ లోపు ఉండాలి.

పనిదినాల్లో తవ్వితే ఆఫీసుకు ఇబ్బంది అని ఆదివారం పెట్టుకున్నాను. సదాశివనగర్ నుంచి కూలీలు వచ్చారు. ఆఫీసు వెనక సున్నంతో నలుచదరంగా గీత గీసి తవ్వించాను. క్యాలెండరులో వారం చూశాను గాని తిథి చూడలేదు. ఆ అలవాటు నాకు ఇరవయ్యో ఏట పోయింది. ఆ రోజు అమావాస్య.

ఆదివారం అమావాస్య నాడు సున్నపు గీతల నడుమ గుంత తీసి, రాగి రేకు పాతి, బొగ్గూ ఉప్పూ పోసినవాణ్ణి ఈ ప్రాంతంలో ఇంజనీరు అనరు. బాణామతి చేశాడంటారు, అంటే చేతబడి.

సోమవారం నిరోధం నాలుగు ఓములు చూపింది. పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు పోస్తే పది రోజుల్లో దిగుతుంది. నియమం ప్రకారం ఆ పని ఆఫీసు అటెండరు సాయన్నది. సాయన్న గుంతకు ఇరవై అడుగుల అవతలే ఆగిపోయాడు.

"నౌకరి దీసేసినా మంచిదే సార్, నేను ఆడికి రాను. నాకు ఇద్దరు పిల్లలున్నరు."

మూఢనమ్మకాల మీద ముప్పై ఏళ్లు సభల్లో వాదించినవాణ్ణి, వదులుతానా? సిబ్బందినంతా కూర్చోబెట్టి, బొమ్మలు గీసి, ఉప్పు తేమను ఎందుకు పట్టి ఉంచుతుందో ముప్పావు గంట చెప్పాను. సాయన్న అందరికంటే శ్రద్ధగా విన్నాడు.

"అంటే సార్, పైనున్న చెడును కిందికి గుంజుకుంటది, అంతే గద?"

చెడు కాదు, కరెంటు అన్నాను. గుంజుకునే మాట మాత్రం నిజమేనని ఒప్పుకున్నాను.

"మేం గూడ గదే అంటున్నం సార్."

లారీ పై వారం శుక్రవారం వస్తుందని మేనేజరు మేడం గుర్తుచేశారు.

ఉపన్యాసం పనిచేయకపోతే ప్రదర్శన. గ్రహణం వేళ నడిబజారులో అన్నం తిని చూపించిన తరం మాది. మంగళవారం నుంచి నా మధ్యాహ్న భోజనం ఆ గుంత మూత మీదే. మిగతా సైట్లు చూసుకుని మధ్యాహ్నం బస్సుకు వచ్చేవాణ్ణి కనుక నేను పోయగలిగింది రోజుకు ఒకటి రెండు బకెట్లు. చేయి కూడా గరాటులోనే కడిగేవాణ్ణి. నాలుగు ఓములు రెండుకు దిగి, అక్కడ మొండికేసింది.

సిబ్బంది కిటికీల్లోంచి చూసేవారు. దగ్గరికి వచ్చింది ఊడ్చే రాజవ్వ ఒక్కతే. లింగంపేట మనిషి, ఇంటి దగ్గర బీడీలు కూడా చుడుతుంది. "బాణామతి సంగతేమో గని సారూ, గీ ఎండల కూసుంటే నెత్తి పలుగుతది" అని ఒక గొడుగు ఇచ్చి పోయింది. రెండో వారం బుధవారం యాసంగి పంట మక్కగారెలు, అంటే మొక్కజొన్న గారెలు, తెచ్చి అందరికీ పంచింది. నాకు ఆకలి తీరింది ఐదింటితోనే. సాయన్న కిటికీలోంచి చూస్తున్నాడని, హేతువాదం తరఫున మరో ఆరు తిన్నాను.

గురువారం తెల్లవారేసరికి కడుపు తిరగబడింది. అయినా ఇంట్లో ఉండిపోతే గుంత గెలిచినట్టే. పొద్దున్నే బయలుదేరాను. ఆ బస్సు ప్రయాణాన్ని వర్ణించను. లింగంపేటలో ఒకసారి దిగి, తరువాతి బస్సు ఎక్కానని మాత్రం చెబుతాను.

ఆఫీసు మరుగుదొడ్డి గుంతకు పది అడుగుల అవతల. అదే నాకు కలిసొచ్చింది. అవసరం వచ్చినప్పుడల్లా పెద్ద బకెట్లు రెండు నింపుకుని, నిపుణుడి ముఖం పెట్టుకుని గుంత దగ్గరికి నడిచేవాణ్ణి. ఒకటి గరాటులో చప్పుడయ్యేలా కుమ్మరించి, రెండోది పట్టుకుని అవతలికి జారుకునేవాణ్ణి. సాయంత్రానికి తొమ్మిది సార్లు. మీటరు పెట్టి చూస్తే సున్నా పాయింట్ తొమ్మిది!

శుక్రవారం లారీ వచ్చింది. పెట్టె దించడానికి ఆరుగురు కావాలి. సాయన్నా, అతను పిలుచుకొచ్చిన ఐదుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నిన్న తొమ్మిది సార్లు వోయిండ్రు సార్. నీళ్లు వోస్తున్నట్టు జేసిండ్రు గని, మాకు కండ్లు లేవా? గుంత మీద కూసున్నందుకే మీకు గిట్లయితే, దాని వైరు తగిలిచ్చే డబ్బను మేమెట్ల ముట్టుకుంటం?"

నిర్జలీకరణం అన్నాను. ఎవరికీ అర్థం కాకూడదనే ఆ మాట వాడాను. డ్రైవరు బండి తిప్పుకోమంటారా అని అడిగాడు.

రాజవ్వ చీపురు గోడకు ఆనించి వచ్చింది.

"ఏం లేదు. సారు పదకొండు గారెలు తిన్నడు. పెట్టింది నేనే, లెక్కవెట్టింది నేనే."

"గారెలు తింటే గిట్లయితదా అవ్వా?"

"మా పెద్దోడు ఇంటి కాడ పది తిన్నడు. వాడు గీ గుంత మొఖం సూడలె. వాడు గూడ నిన్న పొద్దుగాల్నుంచి చెంబు ఇడిసిపెట్టలె. నువ్వెన్ని తిన్నవు?"

"రెండు."

"నీకేమన్న అయిందా?"

"ఏం గాలె."

"మరి గుంతనెందుకు బద్నాం జేస్తున్నవ్? పట్టుండ్రి, ఎండెక్కుతున్నది."

ముందు మేడం నవ్వారు. తరువాత లారీ డ్రైవరు. చివరికి సాయన్న కూడా నవ్వుకుంటూనే పెట్టె కింద భుజం పెట్టాడు.

నేను సంతకం చేశాను. నిరోధం తగ్గించడానికి ఏం చేశారన్న గడిలో "అదనంగా నీరు పోయడమైనది" అని రాశాను. ఒక్క రోజులో అంత నీరు ఎవరు పోశారని, యంత్రం అమర్చడానికి వచ్చిన హైదరాబాదు ఇంజనీరు ఆశ్చర్యపోయాడు. "మా సారే" అన్నాడు సాయన్న, ఎంతో గౌరవంగా.

నేను నేర్చుకున్నది ఇది. గుంత మీద కూర్చుని తినడం రుజువు కాదు, పంతం. నా వాదానికి దెబ్బ తగులుతుందని నేను దాచిన విషయమే దాన్ని గెలిపించే సాక్ష్యం. దాచినంతసేపూ బాణామతి బతికింది, నలుగురిలో బయటపెట్టగానే పోయింది. పది తిన్నవాణ్ణీ రెండు తిన్నవాణ్ణీ పక్కపక్కన పెట్టి చూడాలని నేను ముప్పై ఏళ్లు ఉపన్యసించాను, రాజవ్వ చేసి చూపింది. మిగిలిన ఏడాది సర్వీసులో ఏ గుంత తవ్వినా సిబ్బందిని ముందే పిలిచి, ఉప్పూ బొగ్గూ వాళ్ల చేతులతోనే పోయించాను. గారెలు మూడుకు మించలేదు.