టీచరమ్మ ఒంటిచేతి కాఫీ

పంపు చప్పుడు మారిన క్షణంలో నాకు భయం వేసింది.

2024 వానాకాలం, నేరేడ్‌మెట్‌లో ఒక ఇంటి వంటగది. కాఫీ మెషీన్ బటన్ నొక్కగానే లోపలి పంపు గురగురమంటుంది. కప్పులోకి ధార మొదలయ్యాక ఆ చప్పుడు కొంచెం మెత్తబడుతుంది. ఆ రోజు మెత్తబడలేదు. బరువెక్కి, మూలిగినట్టు అయింది. కప్పులో ఒక్క చుక్క లేదు. సింకు దగ్గర పాలజగ్గు కడుగుతున్న నేను వెనక్కి తిరిగేసరికి, ఇంటాయన జయరాజు గారి చెయ్యి మెషీన్ పిడి మీద ఉంది.

“దిగట్లేదమ్మా. ఒకసారి తిప్పి చూస్తాను,” అన్నారాయన మామూలుగా.

అది ఎందుకంత ప్రమాదమో చెప్పాలంటే, నా పని గురించి కొంత చెప్పాలి. కార్ఖానాలో వంటింటి మెషీన్లు అమ్మే ఒక షాపులో నేను డెమోలు ఇస్తాను. షాపుకు వచ్చినవాళ్లకు ఏ మెషీన్ నప్పుతుందో చెప్పడం, కొన్నాక వాళ్లింటికి వెళ్లి బిగించి నేర్పించడం నా ఉద్యోగం. కాఫీ మెషీన్‌లో పొడి వేసే చిన్న జల్లెడ గిన్నెకు ఒక పిడి ఉంటుంది. దాన్ని పోర్టాఫిల్టర్ అంటారు. దాన్ని మెషీన్ నోటికి తగిలించి, పక్కకు తిప్పి బిగిస్తాం. అప్పుడు పంపు వేడినీళ్లను ఆ పొడిలోంచి తోస్తుంది. ఆ ఒత్తిడి కారు టైరులో ఉండే గాలికి దాదాపు నాలుగింతలు. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను కాబట్టి ఆ అంకె నాకు తెలుసు. కానీ అంకె తెలియడం వేరు, ఆ ఒత్తిడి బిగుసుకున్న చోట ఒక మనిషి చెయ్యి చూడటం వేరు.

జయరాజు గారు, ఆయన భార్య రత్నకుమారి గారు అంతకు రెండు రోజుల ముందు షాపుకు వచ్చారు. ఆయనకు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం, ఉదయం మొదటి షిఫ్టు. ఆమె మిషన్ స్కూల్లో లెక్కల టీచర్‌గా చేసేవారు. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చి నడక తిరిగి వచ్చింది గానీ, కుడి చెయ్యి రాలేదు. భుజం నుంచి అలా వేలాడుతూ ఉండేది. చీర కొంగును దాని మీదికి లాక్కోకుండా, అందరికీ కనబడేలాగే ఆమె నడిచేవారు.

“అమ్మాయ్, నాకు త్వరగా అయిపోయే కాఫీ కావాలి. కానీ కాఫీలాగే ఉండాలి,” అన్నారు.

“ఎంత త్వరగా టీచర్‌గారూ?”

“పొద్దున మా ఇంట్లో ప్రార్థన అయ్యేదాకా ఎవరం నోట్లో ఏం వేసుకోం. ప్రార్థన అవగానే ఈయన సంచీ పట్టుకుని బయలుదేరతారు. ఆ మధ్యలో.”

పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆమె చేతి కాఫీ తాగకుండా డ్యూటీకి వెళ్లలేదట. ఇప్పుడు ఆయనే ఇన్‌స్టంట్ పొడి కలిపి, తాను నిలబడి రెండు గుక్కలు తాగి, ఆమెకు ఫ్లాస్కులో పోసిపెట్టి వెళ్తున్నారు. ఆమె ఇత్తడి ఫిల్టర్ అలమరలోకి వెళ్లిపోయింది. దాని పై గిన్నె, కింది గిన్నె బిగుసుకుంటే విడదీయడానికి రెండు చేతులు కావాలి మరి.

నేను వెంటనే క్యాప్సూల్ మెషీన్ చూపించాను. పొడి నింపిన చిన్న గుళిక వేసి బటన్ నొక్కడమే, ఒక చెయ్యి చాలు. ఆమె ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టారు.

“బాగుంది. కానీ ఎవరింట్లోనో తాగినట్టుంది.”

గింజలు పోస్తే అన్నీ తానే చేసుకునే ఫుల్ ఆటోమేటిక్ చూపించాను. అది టచ్ స్క్రీన్. ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి, “ఇందులో నేను చేసేదేముంది?” అన్నారు. చివరికి ఆమె వేలు ఆగింది మనమే పొడి వేసి, నొక్కి, బిగించాల్సిన సెమీ ఆటోమేటిక్ దగ్గర. రెండు చేతుల పని. నాకు ఇష్టం లేదు. ఇద్దరు చిన్నపిల్లల తల్లిని, ఏ వస్తువు చూసినా ముందు అది ఎవర్ని ఎలా కాల్చగలదో కనిపిస్తుంది నాకు. అయినా ఆమె కొన్నారు, తేలికపాటి చిన్న మోడల్. మర్నాడు కాక ఆ తర్వాతి రోజు బిగించడానికి వెళ్లాను.

ఆ వంటగదిలో జరిగింది ఇది. నేను తెచ్చిన పొడి పక్కన పెట్టి జగ్గు కడుగుతుండగా, జయరాజు గారు సాయం చేద్దామని పోర్టాఫిల్టర్‌లో వాళ్లింటి డబ్బాలోని పొడి నింపారు. చికోరీ బాగా కలిసిన, మెత్తటి ఫిల్టర్ పొడి. ఇత్తడి ఫిల్టర్‌లో గొడుగులాంటి బిళ్లతో అదిమినట్టు గట్టిగా అదిమి, బిగించి, బటన్ నొక్కారు. చికోరీకి నీళ్లు తగలగానే ఉబ్బి బంకలా ముద్ద కడుతుంది. ఫిల్టర్‌లో అయితే నీళ్లు మెల్లగా దిగుతాయి గనక ఫరవాలేదు. ఇక్కడ దారి మూసుకుపోయింది. డికాక్షన్ దిగకపోతే మన ఇళ్లలో ఏం చేస్తాం? ఫిల్టర్‌ను ఒక తట్టు తట్టి, పై గిన్నె కాస్త తిప్పి, లేపి చూస్తాం. తరతరాలుగా చేతికి అలవాటైన పని అది. ఆయన చెయ్యి అదే చేయబోయింది.

“సార్, ముట్టకండి!” అని అరిచాను. అప్పటికే పిడి కొంచెం కదిలింది. అదే క్షణంలో ఆయన చొక్కా కాలరు వెనక్కి లాగబడింది. ఆయన రెండడుగులు తూలి గోడకు తగిలారు. టప్‌మని తుపాకీ పేలినట్టు చప్పుడు. మరిగే నీళ్లు, నల్లటి ముద్ద ఆయన మొహం ఉన్న చోటు గుండా వెళ్లి ఎదుటి టైల్స్‌కు కొట్టుకున్నాయి. కొంత సీలింగ్‌కు అంటుకుంది.

కాలరు పట్టుకున్నది రత్నకుమారి గారి ఎడమ చెయ్యి.

నేను స్విచ్ ఆపేసి ఆ గోడ వంక చూస్తూ నిలబడ్డాను. అరచేతిలో పట్టే పొడి. గ్లాసెడు నీళ్లు. అంతే. అవి సీలింగ్ దాకా వెళ్లాయి. ఇన్నేళ్లుగా అలాంటి మెషీన్ల పక్కన నిలబడి నవ్వుతూ కప్పులు అందిస్తున్నాను, ఆ చిన్న ఇనుప నోటి వెనక ఏముందో ఆ రోజే కళ్లతో చూశాను. అది భయమే అయినా, గుడిలో గర్భగుడి ముందు నిలబడ్డప్పటి నిశ్శబ్దం లాంటిది ఏదో కూడా అందులో ఉంది.

అంట్లు తోమడానికి వచ్చిన యాదమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది. “ఓయమ్మా! గిదేం మెషీనమ్మా, రైలింజను లెక్క గుస్సా అయితుంది! సారూ, మీ వర్క్‌షాపుల సుత గిట్లనే చేస్తరా?”

ఆ మాటకు ఆయన మొహం ఎర్రబడింది. “నేను పనిచేసేది ఎయిర్ బ్రేకుల దగ్గరమ్మా,” అన్నారు నాతో, నమ్మలేనట్టు. “గాలి వదలకుండా గొట్టం విప్పితే కుర్రాళ్లని చెడామడా తిడతాను. వంటింట్లోకి రాగానే బుర్ర ఎటు పోయింది?” తర్వాత మెషీన్ వైపు చెయ్యి ఊపారు. “ఇది తీసుకుపో తల్లీ. ఈ ఇంట్లో వద్దు.”

నాకు హాయిగా ఊపిరి వచ్చింది. డబ్బా తెరిచాను కూడా.

“ఎవరు తీసుకుపొమ్మన్నది?” అన్నారు రత్నకుమారి గారు.

“రత్నం, చూశావు కదా!”

“చూశాను. కత్తిపీట దాచేశారు, సరే అన్నాను. ఇస్త్రీపెట్టె మీ చెల్లెలికి ఇచ్చేశారు, సరే అన్నాను. గ్యాస్ వెలిగించొద్దన్నారు. ఇంకేం మిగిలిందండీ నాకు? టీవీ రిమోటా?”

“నీకేమైనా అయితే...”

“అయ్యింది కదా. అయిపోయాకే కదా ఇలా ఉన్నాను.” ఆమె గొంతు పెరగలేదు. “పొద్దున మీకు ఒక కప్పు కాఫీ ఇచ్చి పంపాలి. అది కూడా చేయలేని మనిషినైతే, ఆ మాట ఈ మెషీన్ చెప్పాలి. మీరు కాదు.”

ఆయన నా వంక చూశారు, ఏదో ఒకటి చెప్పమన్నట్టు. నిజానికి నేను ఆయన పక్షమే. కానీ నన్ను ఒక విషయం తొలుస్తోంది. “టీచర్‌గారూ, నేను అరిచేలోపే మీరు కాలరు పట్టుకున్నారు. మీకెలా తెలిసింది?”

“మెషీన్ సంగతి నాకేం తెలుసు? నీ మొహం చూశాను. నువ్వు అరవకముందే నీ మొహం అరిచింది. బోర్డు వైపు తిరిగి లెక్క రాస్తూనే, వెనక ఎవడు ఏం చేయబోతున్నాడో కనిపెట్టే ఉద్యోగం చేశానమ్మాయ్.”

ఆ మనిషికి ప్రమాదం నుంచి కాపలా కావాలని నేనెలా అనుకున్నాను? ఆ గదిలో ఉన్న అందరిలోకీ మెలకువగా ఉన్నది ఆమె ఒక్కరే.

డబ్బా మూసేశాను. “ఇది వద్దు టీచర్‌గారూ. వేరేది తెస్తాను,” అన్నాను.

ఈసారి కప్పుల గురించి, అందం గురించి ఆలోచించలేదు. ఆమె చెయ్యి గురించి ఆలోచించాను. బరువైన మెషీన్ కావాలి, ఒంటిచేత్తో పిడి తిప్పితే జరిగిపోకూడదు. లోపల ఒత్తిడి ఎంతుందో ముల్లుతో చూపించే గేజ్ ఉండాలి. పంపు ఆపగానే మిగిలిన ఒత్తిడిని బుస్సున కింది ట్రేలోకి వదిలేసే వాల్వ్ ఉండాలి. ఇంట్లో కాఫీ మెషీన్ కొనాలనుకునే ఎవరికైనా ఇప్పుడు నేను మొదట చెప్పేది ఆ వాల్వ్ గురించే. పొడి కూడా మార్పించాను. చికోరీ లేకుండా, ఇంకొంచెం బరకగా ఆడించినది.

శనివారం తెల్లవారుజామునే రమ్మన్నారు ఆమె. పిల్లల్ని వాళ్ల నాన్నకు అప్పగించి వెళ్లాను. అంతకు రెండు రోజుల ముందే మెషీన్ బిగించి, విడివిడిగా అన్నీ చూపించి వచ్చాను. ఒంటిచేత్తో ఎలా చేయాలో మాత్రం తానే చూసుకుంటానన్నారు. నేను చేరేసరికి హాల్లో ప్రార్థన చివరికొచ్చింది. జయరాజు గారు మోకాళ్ల మీద ఉన్నారు.

“...ప్రభువా, వంటింట్లో ఉన్న ఆ యంత్రాన్ని కూడా నీ అదుపులో ఉంచు తండ్రీ. ఆమెన్.”

“ఆమెన్. ముందు మీరు అదుపులో ఉండండి,” అంటూ ఆమె లేచారు. “ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి. ఎవరైనా ముందుకొస్తే బెంచీ ఎక్కిస్తాను.”

మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం. ఆ తర్వాత చూసింది నేనెప్పటికీ మరచిపోలేను.

మెషీన్‌ను ఆమె మూలకు జరిపించి పెట్టారు, కుడి పక్క గోడకు ఆనేలా. గిన్నెలో పొడి నింపి, సొరుగు కొద్దిగా తెరిచి, పోర్టాఫిల్టర్ పిడిని ఆ సందులో పెట్టారు. సొరుగును నడుముతో నెట్టి మూశారు. పిడి పట్టకారులో ఇరుక్కున్నట్టు నిలబడింది. ఎడమ చేత్తో ట్యాంపర్ పట్టుకుని, అంటే పొడి అదిమే బిళ్లను, ఒంటి బరువంతా దాని మీదికి వంచారు. తీసి, మెషీన్ నోటికి తగిలించి తిప్పారు. మెషీన్ జరగబోయి గోడకు ఆగిపోయింది. బటన్ నొక్కారు. పంపు మొదలైంది. గేజ్ ముల్లు లేచి, పచ్చగీత దగ్గర ఆగింది. చప్పుడు మెత్తబడింది. కప్పులోకి తేనె రంగు ధార, ఎలుక తోకలా సన్నగా ఊగుతూ దిగింది.

పంపు ఆపారు. బుస్సుమంది. ముల్లు సున్నాకు పడేదాకా ఆమె దాని మీంచి కళ్లు తీయలేదు. ఇక పిడి విప్పాలి. ఇప్పుడు మెషీన్ రెండో వైపుకు జరుగుతుంది, అటు గోడ లేదు. ఎలా అనుకుంటున్నాను. ఆమె మెషీన్ పైన మడిచిన మందపాటి తువాలు పరిచి, ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తి, దాని మీద పడుకోబెట్టారు. ఆ చచ్చుబడిన చేతి మీదికి భుజం వంచి బరువు వేశారు. మెషీన్ కదల్లేదు. పిడి ఊడి వచ్చింది.

నా మొహం చూసి నవ్వారు. “పనిచేయదన్నారు గానీ, బరువు పోయిందనలేదుగా.”

పాలజగ్గును బోర్లించిన గిన్నె మీద నిలబెట్టి, ఆవిరి గొట్టం తిప్పి, నురగ వచ్చేదాకా కాచారు. స్టీలు గ్లాసులో కలిపి, గ్లాసును గట్టు మీద ఆయన వైపు జరిపారు.

ఆయన చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. “తియ్యొచ్చా టీచర్?” అని అడిగి, గ్లాసు అందుకుని మొదటి గుక్క తాగారు.

“చికోరీ లేదు కదా. మన కాఫీలా ఉందా?” అన్నారామె. ఆ ఒక్క ప్రశ్న మాత్రం టీచర్ గొంతుతో అడగలేదు.

ఆయన ఇంకో గుక్క తాగారు. “లేదు,” అన్నారు. “ఇక మన కాఫీ ఇదే.” మొత్తం తాగి, సంచీ తగిలించుకుని, గుమ్మం దాటి మళ్లీ వెనక్కి వచ్చి, “రేపు కొంచెం చక్కెర తగ్గించు,” అన్నారు. రేపు అన్న ఆ మాటకు ఆమె తల పక్కకు తిప్పుకున్నారు. ఫ్లాస్కు ఆ రోజు కడిగి బోర్లించే ఉంది.

ఆ తర్వాత చాలా ఇళ్లకు వెళ్లాను, చాలా మెషీన్లు బిగించాను. కొనడానికి వచ్చినవాళ్లను ఇప్పటికీ ‘ఎన్ని కప్పులు’ అని అడుగుతాను గానీ, అంతకంటే ముందు ‘ఎవరు చేస్తారు’ అని అడుగుతాను. ఒక వస్తువు ప్రమాదకరమా కాదా అన్నది వస్తువును మాత్రమే చూసి తేల్చలేం. దాన్ని ఎవరు ఎంత శ్రద్ధగా చూస్తున్నారో కూడా చూడాలి. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, ఆ సీలింగ్ మీది నల్లటి మరకా, తువాలు మీద పడుకున్న ఆ చెయ్యీ రెండూ కళ్ల ముందుకు వస్తున్నాయి. రెండింటిలో ఏది ఎక్కువ బలమో చెప్పలేను.

టీచర్‌గారు ఆ కాఫీ చేసిన మర్నాడు ఆదివారం. మా వంటగదికి అడ్డంగా ఒక చిన్న చెక్క గేటు ఉంటుంది, పిల్లలు పొయ్యి దగ్గరికి రాకుండా నేను పెట్టించిందే. ఆరేళ్ల మా పెద్దది దాని మీద గడ్డం ఆనించి నిలబడింది. వెనక మూడేళ్ల చిన్నోడు. నేను గేటు తీసి, పొయ్యికి దూరంగా స్టూలు వేసి, దాని మీద పెద్దదాన్ని నిలబెట్టాను. చిన్నోణ్ణి చంకనెత్తుకున్నాను. గిన్నెలో పాలు పోసి మంట వెలిగించాను.

“ఇద్దరూ పాల వంకే చూడండి,” అన్నాను. “ఇది కాలుతుంది, చాలా కాలుతుంది. ఎప్పుడు ముట్టుకోకూడదో ముందు చెప్తా. అది మీరు నేర్చుకున్నాక, ఎప్పుడు ముట్టుకోవచ్చో చెప్తా.”