ఆలిక్ చేతిలో కొమ్ము గిన్నె

“సంతోషంగానా? ఎవరే ఆ మాట రాసింది? నువ్వేనా?”

ఎఫీ గెడ్డెస్ ఫోటోను బల్ల మీద బోర్లా కొట్టింది. టీ కప్పులు గలగలలాడాయి.

“నేను కాదు పెద్దమ్మా, ఆఫీసువాళ్ళు,” అంది బట్టీ ఆఫీసులో పనిచేసే కిర్స్టీ. గ్లెన్ ఆర్లిక్ విస్కీ బట్టీ పెట్టి వందేళ్ళు అవుతోందని పుస్తకం వేస్తున్నారు. అందులో ఈ ఫోటో పడాలంటే ఎఫీ సంతకం కావాలి. ఫోటోలో ఎఫీ మొగుడు ఆలిక్, చేతిలో కొమ్ముతో చేసిన గిన్నె. కింద, ‘సంతోషంగా తన వంతు పుచ్చుకుంటున్న ఆలిక్’.

“బట్టీలో చేరేనాటికి ఆయనకి పదహారు. చుక్క ముట్టనని చర్చిలో ఒట్టేసుకున్నవాడు. అక్కడేమో పనివాళ్ళందరికీ కంపెనీయే విస్కీ పోసేది, పొద్దున ఎనిమిదికో గిన్నె, మధ్యాహ్నం ఒకటి, దిగేముందు ఒకటి. పీపాల్లో పండిన సరుకు కాదు, అప్పుడే దిగిన తెల్లది, గొంతు కాలేది! మేనేజరు ఎదుట నిలబడి తాగాలి. ఇంటికి పట్టుకెళ్తే దొంగ, తాగకపోతే ఎక్సైజువాళ్ళ వేగు. ఓసారి తన గిన్నె పక్కవాడికిచ్చేశాడు. మూడు వారాలు ఒక్కడూ ఆయన పక్కన కూర్చుని రొట్టె తినలేదు. నాలుగో వారం ఒట్టు తీసి గట్టున పెట్టాడు.”

“ఆ రోజుల్లో అదో మర్యాద అనుకునేవారేమో...”

“మర్యాదట, మర్యాద! యాభై రెండేళ్ళకే లివరు చెడి పసుపు ముద్దలా అయిపోయి పోయాడు.”

కిర్స్టీ నెమ్మదిగా, “ఓనరమ్మ మిస్ హెన్రియెట్టా మంచావిడే కదా పెద్దమ్మా?” అంది.

“కాదన్నానా? వాళ్ళ తాత కిరాణా కొట్టు వెనక మొదలెట్టిన కంపెనీ. లండన్‌వాళ్ళు కొనబోతే ససేమిరా అని, వాటాలన్నీ ధర్మసంస్థకి రాసేసింది. తనేమో మోచేతులకి మాసికలేసిన కోటుతోనే పోయింది. ఆలిక్‌ని గోతిలోకి దించుతుంటే ఆడది తాడు పట్టకూడదన్నా వినకుండా పట్టుకుంది, తల్లీ. మర్నాడు మరి గిన్నె ఆగిందా? ఎనిమిదింటికి మళ్ళీ పోశారు! ఇప్పుడు ఆ లాభంలోంచే పట్నంలో తాగుడు మాన్పించే ఇల్లు నడుపుతున్నారట. ఆవును చంపి చెప్పులు దానం!”

కిర్స్టీ ఫోటో తిప్పి చూసింది. ఇన్నాళ్ళూ ఆమె కూడా దాన్ని నవ్వే అనుకుంది. ఇప్పుడు చూస్తే పళ్ళు బిగిసి ఉన్నాయి. కంటి కొసన తడి.

“నవ్వు కాదా?”

“తెల్లది మింగితే ఎవడి మొహమైనా అలాగే అవుతుందే. బట్టీ ఊళ్ళో పుట్టావు, అదీ తెలీదూ!”

ఎఫీ చెయ్యి చాపి కిర్స్టీ పెన్ను లాక్కుంది. ‘సంతోషంగా’ అన్న మాటను కాగితం చిరిగేలా కొట్టేసి, ఫోటోను ఆమె ఒళ్ళోకి తోసింది.

“ఆ ధర్మసంస్థ పెద్దలందరి ముందూ పెట్టు. ‘మేనేజరు ఎదుట రోజుకి మూడు గిన్నెలు తాగిన ఆలిక్ గెడ్డెస్, యాభై రెండేళ్ళకు పోయాడు’ అని అచ్చు వేయించి తీసుకురా, సంతకం పెడతాను. ఆ టీ వచ్చాక తాగుదువుగాని. ముందు వెళ్ళు.”