పాత పోగుల కొసలు

నా చిన్నప్పుడు ఆర్మేనియా అనే దేశం ఒకటుందని కూడా నాకు తెలియదు. మొన్న మనవరాలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. చుట్టూ బలమైన పొరుగు దేశాలు, వాటి పంతాల మధ్య తరతరాలుగా నలుగుతున్న చిన్న దేశమట. యుద్ధంలో ఇల్లు పోగొట్టుకున్న ఒక ఆర్మేనియా ముసలమ్మ, ఎవరిదో గదిలో పరుపు మీద కూర్చుని, మనవడి చేత తమ లిపిలో అక్షరాలు దిద్దిస్తోంది. "ఇల్లే పోయినంక గవి నేర్చుకోని ఏం ఫాయిదా అమ్మమ్మా?" అంది నా మనవరాలు. నాకు వెంటనే మా తాతయ్య కత్తెర గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పదేళ్లు. సోలాపూర్‌లోని జోడ్‌భావి పేట్‌లో మా ముందుగదంతా మగ్గమే. ఆ ఊరు మాదంటే మాదని మరాఠీ, కన్నడ రాష్ట్రాలు రెండూ పట్టుబట్టిన రోజులవి. బడిలో పిల్లలు కూడా మరాఠీ జట్టు, కన్నడ జట్టుగా చీలిపోయారు. నన్ను ఏ జట్టూ రానివ్వలేదు. తెలుగుదానివి, మీ ఊరికి పొమ్మన్నారు. నాకు వేరే ఊరంటూ తెలిస్తే కదా పోవడానికి! ఏడుస్తూ ఇంటికొచ్చి, ఇక తెలుగు మాట్లాడేది లేదని మరాఠీలో ప్రకటించాను.

తాతయ్య అప్పుడే ఒక చద్దరు ముగించి మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కిస్తున్నాడు. నేత అయిపోయాక, పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెనలాంటి అచ్చులో పాత పోగుల కొసలు కాస్త మిగులుస్తారు. వేళ్లకు బూడిద రాసుకుని, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతుకుతారు. కరీంనగర్ వైపు నుంచి సోలాపూర్ వచ్చేటప్పుడు ఆయన మగ్గాన్ని తేలేకపోయాడు. పోగులతో ఉన్న ఆ అచ్చును మాత్రం చాపలో చుట్టుకుని తెచ్చాడు.

నా మాట విని ఆయన కత్తెర నా చేతికిచ్చాడు. "గట్లయితే గీ పాత కొసలెందుకు బిడ్డా? కొయ్యి." కోపంలో గుప్పెడు కోసేశాను. ఆయన మిగిలినవి చకచకా అతికేసి, నేను కోసిన చోట పోగులెక్కించే పని నాకే అప్పగించాడు. కొస లేదు కాబట్టి ఒక్కో కొత్త పోగునూ మగ్గానికి వేలాడే దారపు ఉచ్చుల సన్నటి కంటిలోంచి, ఆపైన అచ్చు పళ్ల సందులోంచి దూర్చాలి. ఒకటి తప్పితే వరసంతా తప్పుతుంది. మూడుసార్లు విప్పి మళ్లీ మొదలుపెట్టాను. లేవబోతే తాతయ్య లేవనివ్వలేదు, తానూ పక్కనుంచి లేవలేదు. పొద్దుగూకేసరికి మెడ పట్టేసింది, ఏడుపూ ఆగిపోయింది.

"మరాఠీ మంచిగ నేర్చుకో. కన్నడం గూడ నేర్చుకో," అన్నాడు అప్పుడు. "కొస మాత్రం కొయ్యకు. కోస్తే కొత్తది దేనికి అతుకుతవ్?"

తెల్లారి బడిలో రెండు జట్ల మధ్య నిలబడి, తెలుగుదాన్నే, ఈ ఊరిదాన్నే అని చక్కటి మరాఠీలో చెప్పాను. అక్కణ్నుంచి కదల్లేదు.

ఇదంతా మనవరాలికి చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఇల్లు పోయిన ఆ ముసలమ్మ కొస వదల్లేదు. ఇల్లున్న నేను, తెలుగు చదవడం రాని మనవరాలిని పెంచాను. ఆ సాయంత్రమే అశోక్ చౌక్ నుంచి పలక తెప్పించి, తెలుగు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాను. పిల్ల రోజూ విసుక్కుంటుంది. నేను తిట్టను. పక్కనే కూర్చుంటాను, పలక నిండేదాకా లేవనివ్వను.